నెట్ లేని చోట జావా బిల్డ్

మావెన్ అనే బిల్డ్ సాధనంతో (సోర్స్ కోడ్ నుంచి ప్రోగ్రామ్‌ను కట్టేది) నడిచే ఏదైనా జావా ప్రాజెక్టును కొత్త కంప్యూటర్‌లోకి తెచ్చుకుని మొదటిసారి బిల్డ్ కమాండ్ ఇస్తే, మన సోర్స్ ఫైళ్లలో ఒక్కటి కూడా కంపైల్ కాకముందే స్క్రీన్ మీద డౌన్‌లోడ్ వరుసలు గబగబా పరుగెత్తుతాయి. ఆ వరుసలను ఆగి చదివేవారు చాలా తక్కువ. రెండోసారి బిల్డ్ చేసినప్పుడు అవి కనిపించవు కాబట్టి వాటి సంగతే మరిచిపోతాం. అయితే మన ప్రాజెక్టు బయటి నుంచి ఏమేమి తెచ్చుకుంటే తప్ప నడవదో చెప్పే పట్టిక అదే. ఇంటర్నెట్ లేని నెట్‌వర్క్‌లో అదే ప్రాజెక్టును బిల్డ్ చేయవలసి వచ్చినప్పుడు ఆ పట్టికలోని ప్రతి అంశాన్నీ మనమే గుర్తించి, మనమే లోపలికి మోసుకెళ్లాలి.

రక్షణ పరిశోధన ప్రయోగశాలలు, బ్యాంకుల లోపలి నెట్‌వర్కులు, విద్యుత్ కేంద్రాల నియంత్రణ వ్యవస్థలు ఇలాంటి చోట్లు. గేటు దగ్గరే ఫోను, పెన్‌డ్రైవ్ అప్పగించి లోపలికి వెళ్లి పనిచేసి వచ్చేవారు హైదరాబాద్‌లోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో కొత్తేమీ కాదు. నేను కూడా అలాంటి ఒక నెట్‌వర్క్ కోసం కొన్నేళ్లుగా బిల్డ్ సామగ్రిని సిద్ధం చేస్తున్నాను. ఈ పనిలో నాకు బాగా స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. నెట్ వైపు వెళ్లవద్దని చెప్పే ఆఫ్‌లైన్ ఆప్షన్‌ను మావెన్‌కు ఇవ్వడం చిట్టచివరి మెట్టు. దానికి ముందు, ప్రాజెక్టులోకి బయటి నుంచి వచ్చే ప్రతిదానికీ లెక్క రాసుకోవాలి, ఆ లెక్క పూర్తయిందని నెట్ తీసేసి నిరూపించుకోవాలి. ఈ రెండు పనులూ చేయకుండా ఆ ఆప్షన్‌ను ఎన్నిసార్లు వాడినా ఉపయోగం ఉండదు.

మావెన్ రాకముందు ఈ సమస్య ఇంత పెద్దది కాదు. 2000లో వెలువడిన యాంట్ అనే బిల్డ్ సాధనం వాడే ప్రాజెక్టులలో లిబ్ అనే ఫోల్డర్ ఒకటి ఉండేది, కావలసిన జార్‌లన్నీ (కంపైల్ అయిన జావా కోడ్ మూటలు) అందులోనే ఉండేవి, బిల్డ్‌కు ఇంకెక్కడికీ వెళ్లవలసిన అవసరం ఉండేది కాదు. ఆ దశాబ్దపు తొలి సంవత్సరాలలో అమీర్‌పేటలో జావా నేర్చుకున్నవారికి స్ట్రట్స్, హైబర్నేట్ వంటి లైబ్రరీల జార్‌లు సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో చేతికి అందేవి. ఏ జార్ ఏ వెర్షనో తెలియకపోవడం, రెండు వెర్షన్లు ఒకే ఫోల్డర్‌లో చేరి కొట్లాడుకోవడం అప్పటి కష్టాలు. 2005లో వచ్చిన మావెన్ 2 ఆ కష్టాలను చాలావరకు తీర్చింది. ఒక డిపెండెన్సీ (మన ప్రాజెక్టు ఆధారపడే బయటి లైబ్రరీ) పేరు రాస్తే దానికి కావలసినవి, వాటికి కావలసినవి అన్నీ మావెన్ సెంట్రల్ అనే బహిరంగ రిపాజిటరీ (జార్‌ల భాండాగారం) నుంచి వాటంతట అవే వచ్చే ఏర్పాటు చేసింది. ఆ సౌకర్యం గొప్పదే, నేను దానిని వదులుకోమని చెప్పను. కానీ ఏమేమి వస్తున్నాయో తెలియకుండానే ఏళ్ల తరబడి పని జరిగిపోవడం కూడా ఆ సౌకర్యంతోనే మొదలైంది.

నెట్ లేని చోటికి మొదటిసారి వెళ్లేవారు సాధారణంగా జార్ ఫైళ్లను మాత్రమే తీసుకువెళ్తారు. అవి చాలవు. మావెన్ ఒక జార్‌ను వాడే ముందు దాని పామ్ ఫైలును (పేరు, వెర్షన్, డిపెండెన్సీలు రాసి ఉండే ఫైలు) చదువుతుంది, ఆ పామ్‌కు పేరెంట్ ఉంటే ఆ పేరెంట్ పామ్‌ను చదువుతుంది, ఆ పేరెంట్‌లో ఇంపోర్ట్ చేసిన బామ్‌లు (ఏ లైబ్రరీకి ఏ వెర్షనో చెప్పే పామ్‌లు) ఉంటే వాటినీ చదువుతుంది. స్ప్రింగ్ బూట్ అనే ఫ్రేమ్‌వర్క్ వాడే ప్రాజెక్టునే తీసుకుంటే, దాని స్టార్టర్ పేరెంట్‌కు పైన స్ప్రింగ్ బూట్ డిపెండెన్సీస్ అనే పామ్ ఉంటుంది. అది జాక్సన్, జేయూనిట్, నెట్టీ వంటి ఎన్నో లైబ్రరీల బామ్‌లను ఇంపోర్ట్ చేస్తుంది. మన ప్రాజెక్టు నెట్టీని ఒక్క చోట కూడా వాడకపోవచ్చు. అయినా దాని బామ్ పామ్ అందుబాటులో లేకపోతే మావెన్ మన పామ్‌ను అర్థం చేసుకునే దశలోనే ఆగిపోతుంది. ఒక్క జార్ కూడా లేని, కేవలం పామ్‌లు మాత్రమే ఉన్న ఫోల్డర్లు మన లోకల్ రిపాజిటరీలో (మావెన్ తెచ్చినవాటిని మన కంప్యూటర్‌లో దాచే ఫోల్డర్) అన్ని ఎందుకు కనిపిస్తాయో దీనివల్ల తెలుస్తుంది. వాటిని అనవసరమని తొలగించకూడదు.

డిపెండెన్సీల తరువాత ప్లగిన్‌లు. మావెన్ దానంతట అది దాదాపు ఏ పనీ చేయదు, ఒక్కో పనినీ ప్లగిన్ అనే విడి భాగం చేస్తుంది. పాత ఫైళ్లను తుడిచే క్లీన్, కంపైల్ చేసే కంపైలర్, టెస్టులు నడిపే ష్యూర్‌ఫైర్, జార్ కట్టే జార్ ప్లగిన్, ఇవన్నీ విడివిడిగా సెంట్రల్ నుంచి వచ్చేవే, వీటిలో ప్రతిదానికీ మళ్లీ సొంత డిపెండెన్సీలు ఉంటాయి. పామ్‌లో ప్లగిన్ వెర్షన్ రాయకపోతే ఏ వెర్షన్ వాడాలో మావెన్ విడుదలే నిర్ణయిస్తుంది. అందువల్ల బయట ఒక మావెన్ వెర్షన్‌తో సామగ్రి సిద్ధం చేసి లోపల మరొక వెర్షన్‌తో బిల్డ్ చేస్తే, ప్రాజెక్టులో ఒక్క అక్షరం మారకపోయినా మావెన్ వేరే ప్లగిన్ వెర్షన్‌ను అడిగి, అది లేదని ఆగిపోయే ప్రమాదం ఉంది. నేను ప్రతి ప్లగిన్‌కూ వెర్షన్ రాసి ఉంచుతాను, జేడీకేను (జావా కంపైలర్ ఉండే కిట్), మావెన్‌ను కూడా అదే మూటలో పెట్టి పంపుతాను. ప్రాజెక్టులో మావెన్ ర్యాపర్ ఉంటే దాని సంగతి కూడా చూసుకోవాలి. ర్యాపర్ చేసే మొదటి పని మావెన్‌ను డౌన్‌లోడ్ చేయడమే కాబట్టి, దాని ప్రాపర్టీస్ ఫైలులోని చిరునామాను లోపలి సర్వర్‌కు మార్చాలి, లేదా ర్యాపర్‌ను పక్కనపెట్టి ఇన్‌స్టాల్ చేసిన మావెన్‌నే నేరుగా వాడాలి.

ఇవన్నీ ఒకేసారి తెచ్చిపెట్టడానికి మావెన్ డిపెండెన్సీ ప్లగిన్‌లో గో ఆఫ్‌లైన్ అనే గోల్ (ప్లగిన్ చేసే ఒక నిర్దిష్టమైన పని) ఉంది. దానిని నడిపి, సక్సెస్ అని వచ్చిందని నమ్మి, లోపలికి వెళ్లి నిరాశపడినవారిని చాలామందిని చూశాను. ఆ గోల్ పామ్‌లో కనిపించే డిపెండెన్సీలను, ప్లగిన్‌లను, ప్లగిన్‌ల డిపెండెన్సీలను తెస్తుంది. కానీ కొన్ని ప్లగిన్‌లు తాము నడిచేటప్పుడు, పరిస్థితిని చూసుకుని, తమకు కావలసినదాన్ని అప్పటికప్పుడు అడుగుతాయి. పామ్‌లో ఎక్కడా కనిపించని ఆ అవసరాలు గో ఆఫ్‌లైన్‌కు తెలియవు.

ష్యూర్‌ఫైర్ దీనికి సరైన ఉదాహరణ. టెస్టులు నడపవలసిన క్షణంలో అది మన క్లాస్‌పాత్‌లో, అంటే ప్రాజెక్టు వాడే జార్‌ల జాబితాలో, ఏ టెస్ట్ లైబ్రరీ ఉందో చూస్తుంది. జేయూనిట్ 4 ఉంటే దాని టెస్టులను నడిపే ఒక ప్రొవైడర్‌ను, జేయూనిట్ 5 ఉంటే జేయూనిట్ ప్లాట్‌ఫామ్ కోసం రాసిన మరొక ప్రొవైడర్‌ను, టెస్ట్ఎన్‌జీ ఉంటే ఇంకొక దానిని ఎంచుకుని, దానిని అప్పుడు డౌన్‌లోడ్ చేసుకుంటుంది. కంపైల్ అంతా సాఫీగా పూర్తయి, టెస్టుల దగ్గరకు వచ్చేసరికి, సెంట్రల్‌ను ఆఫ్‌లైన్ స్థితిలో అందుకోలేమనీ, ష్యూర్‌ఫైర్ జేయూనిట్ ప్లాట్‌ఫామ్ అనే ఆర్టిఫాక్ట్ ఇంతకుముందు అక్కడి నుంచి డౌన్‌లోడ్ కాలేదనీ ఎర్రటి వరుస వస్తుంది. పూజా సామగ్రి అంతా సర్దుకుని వెళ్లి అగ్గిపెట్టె మరిచిపోయినట్టే ఉంటుంది ఆ స్థితి. బయట సామగ్రి సిద్ధం చేసేటప్పుడు సమయం కలిసివస్తుందని టెస్టులను దాటవేసి బిల్డ్ చేసినా ఫలితం ఇదే, ఎందుకంటే నడపవలసిన టెస్టే లేనప్పుడు ష్యూర్‌ఫైర్ ప్రొవైడర్‌ను అడగనే అడగదు.

కంపైలర్ ప్లగిన్‌లో అనొటేషన్ ప్రాసెసర్ల (కంపైల్ వేళ అదనపు కోడ్ రాసే జార్‌లు) పాత్ రాసినప్పుడు కూడా ఇలాగే జరుగుతుంది. మ్యాప్‌స్ట్రక్ట్ ప్రాసెసర్ సాధారణంగా ఆ పాత్‌లో మాత్రమే ఉంటుంది, డిపెండెన్సీల జాబితాలో ఉండదు. ప్రోటోబఫ్ ప్లగిన్ అయితే ప్రోటోక్ అనే కంపైలర్ ఎగ్జిక్యూటబుల్‌ను ఆపరేటింగ్ సిస్టమ్‌ను బట్టి తెచ్చుకుంటుంది. ఈ లోటును పూడ్చడానికి క్యూఅవేర్ సంస్థ రాసిన గో ఆఫ్‌లైన్ మావెన్ ప్లగిన్ ఒకటి విడిగా ఉంది, అందులో ఇలాంటి పరోక్ష అవసరాలను డైనమిక్ డిపెండెన్సీలుగా మనమే రాసి పెట్టవచ్చు. అది మంచి ప్లగిన్. అయినా ఏవి రాయాలో మనకు ముందే తెలిసి ఉండాలి కదా. అందుకే నేను ఇంకొంచెం మొరటు పద్ధతిని ఎక్కువగా నమ్ముతాను.

ఆ పద్ధతిలో మొదట ఖాళీ ఫోల్డర్ ఒకటి తయారుచేసి, మావెన్ రెపో లోకల్ అనే ప్రాపర్టీ ద్వారా దానినే లోకల్ రిపాజిటరీగా చూపిస్తాను. రోజూ వాడే డాట్ ఎం2 ఫోల్డర్‌ను ఇందుకు వాడకూడదు. ఏళ్ల తరబడి వేరే ప్రాజెక్టుల కోసం వచ్చిన జార్‌లు అందులో ఉంటాయి కాబట్టి ఏది అవసరమో, ఏది కాదో తేలదు. ఆ ఖాళీ రిపాజిటరీతో, నెట్ ఉన్న కంప్యూటర్‌లో, లోపల ఏయే గోల్స్ నడపబోతున్నామో అవన్నీ నడుపుతాను. క్లీన్, టెస్టులతో సహా వెరిఫై, ఇన్‌స్టాల్, డిపెండెన్సీ ట్రీ, ప్రాజెక్టుకు జావాడాక్ అవసరమైతే జావాడాక్, వెర్షన్ మార్చే ప్లగిన్ వాడతామంటే అదీ. డిపెండెన్సీ ట్రీని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. లోపల ఏదైనా తేడా వచ్చినప్పుడు ముందుగా గుర్తొచ్చే కమాండ్ అదే. తీరా అవసరమైన వేళ దాని ప్లగినే లేకపోతే ఆ తేడా ఎక్కడుందో వెతకడం చాలా కష్టమవుతుంది. బిల్డ్ అంతా అయ్యాక అదే ఫోల్డర్‌తో, ఈసారి నెట్ తీసేసి, ఆఫ్‌లైన్ ఆప్షన్‌తో మళ్లీ నడుపుతాను. లైనక్స్ అయితే డాకర్ కంటెయినర్‌ను (మిగతా కంప్యూటర్ నుంచి వేరుగా నడిచే చిన్న పరిసరం) నెట్‌వర్క్ లేకుండా, అంటే నెట్‌వర్క్ నన్ అనే ఆప్షన్‌తో, ఎక్కించి అందులో బిల్డ్ చేయడం అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష. ఆఫ్‌లైన్ ఆప్షన్ మావెన్‌ను మాత్రమే కట్టడి చేస్తుంది. ఒక ప్లగిన్ సొంతంగా కనెక్షన్ తెరిస్తే దానిని అది ఆపలేదు, నెట్‌వర్కే లేని కంటెయినర్ మాత్రమే ఆపగలదు.

ఇంత చేసి ఆ ఫోల్డర్‌ను లోపలికి తీసుకువెళ్లినా, ఫైలు కళ్లెదుటే ఉన్నా, అది లేదని మావెన్ అనే సందర్భం ఒకటుంది. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే దీని దగ్గర రోజులు పోగొట్టుకున్నవారు ఉన్నారు.

మావెన్ 3 లోకల్ రిపాజిటరీలోని ప్రతి వెర్షన్ ఫోల్డర్‌లోనూ, జార్ పక్కనే, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే రిమోట్ డాట్ రిపాజిటరీస్ అనే చిన్న ఫైలు ఉంటుంది. దానిని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే రెండు మూడు కామెంట్ వరుసలు, వాటి కింద జార్ పేరు, గ్రేటర్ దేన్ గుర్తు, ఆ జార్ ఏ రిపాజిటరీ నుంచి వచ్చిందో దాని ఐడీ, చివర ఈక్వల్ గుర్తు కనిపిస్తాయి. సెంట్రల్ నుంచి నేరుగా వచ్చినదైతే అక్కడ సెంట్రల్ అని ఉంటుంది. బయట మన సెట్టింగ్స్ ఫైలులో సెంట్రల్‌కు బదులుగా వాడే ఆఫీసు మిర్రర్ ఒకటి ఉండి దాని ద్వారా వచ్చినదైతే ఆ మిర్రర్ ఐడీ ఉంటుంది. ఇప్పుడు లోపలి కంప్యూటర్‌లో ఆ సెట్టింగ్స్ ఫైలు లేదనుకుందాం. అక్కడి మావెన్ ఆ జార్‌ను సెంట్రల్ పేరు మీద వెతుకుతుంది, చిన్న ఫైలులో మిర్రర్ పేరు మాత్రమే చూస్తుంది, జార్ పక్కనే ఉన్నా అది సెంట్రల్ నుంచి వచ్చినట్టు ఆధారం లేదని తిరస్కరిస్తుంది. మామూలుగా చూస్తే మొండితనంలా కనిపించినా, ఒక చోటి నుంచి వచ్చిన జార్‌ను మరొక చోటిదని పొరబడకుండా కాపాడే మంచి ఉద్దేశంతోనే ఈ ఏర్పాటు చేశారు. దీనికి సరైన పరిష్కారం లోపలి సెట్టింగ్స్‌లో కూడా అదే ఐడీతో మిర్రర్ రాసి ఉంచడం. అది కుదరనప్పుడు ఆ చిన్న ఫైళ్లను మొత్తంగా తొలగిస్తే, ఎక్కడి నుంచి వచ్చిందో నమోదు లేని జార్‌ను మావెన్ ఉన్నదున్నట్టుగా అంగీకరిస్తుంది. అదే సమయంలో లాస్ట్ అప్‌డేటెడ్ అనే పొడిగింపుతో ఉండే ఫైళ్లను కూడా తీసేయడం మంచిది, అవి గతంలో విఫలమైన డౌన్‌లోడ్ల గుర్తులు తప్ప మరేమీ కావు.

ఒక్క మనిషి, ఒక్క కంప్యూటర్ అయితే ఫోల్డర్‌ను కాపీ చేయడం సరిపోతుంది. లోపల నలుగురైదుగురు పనిచేస్తుంటే నెక్సస్ గానీ ఆర్టిఫాక్టరీ గానీ (రెండూ రిపాజిటరీ నడిపే సాఫ్ట్‌వేర్‌లే) లోపలి సర్వర్‌లో నిలబెట్టి, అందరి సెట్టింగ్స్‌లోనూ అన్ని రిపాజిటరీలకూ అదే మిర్రర్ అని నక్షత్రం గుర్తుతో రాయడమే సరైన దారి. సర్వర్ పెట్టే వీలు లేని చోట లోకల్ రిపాజిటరీ ఫోల్డర్‌నే ఫైల్ యూఆర్‌ఎల్‌తో రిమోట్ రిపాజిటరీలా చూపించవచ్చు, రెండింటి ఫోల్డర్ల అమరిక దాదాపు ఒకటే. దాదాపు అనడానికి కారణం మెటాడేటా ఫైళ్లు. రిమోట్ రిపాజిటరీలో మావెన్ మెటాడేటా అని మాత్రమే పేరుండే ఫైలు, లోకల్‌కు వచ్చేసరికి రిపాజిటరీ ఐడీని పేరు చివర చేర్చుకుంటుంది. అందువల్ల వెర్షన్‌ను కచ్చితంగా కాకుండా పరిధిగా రాసిన చోట, స్నాప్‌షాట్లు (ఇంకా తయారీలో ఉన్న వెర్షన్లు) వాడిన చోట, ప్లగిన్‌ను పూర్తి పేరుతో కాక పొట్టి పేరుతో పిలిచిన చోట ఇది తడబడుతుంది. కచ్చితమైన వెర్షన్లు రాసుకున్న ప్రాజెక్టుకు ఈ ఇబ్బంది రాదు.

పాత ప్రాజెక్టులను కొత్త మావెన్‌తో నడిపేవారు ఇంకొకటి గమనించాలి. 2020 జనవరి నుంచి మావెన్ సెంట్రల్ హెచ్‌టీటీపీఎస్ లేని అభ్యర్థనలను అంగీకరించడం లేదు. 2021లో వచ్చిన మావెన్ 3.8.1 నుంచి, పామ్‌లో మామూలు హెచ్‌టీటీపీ చిరునామాతో రాసిన బయటి రిపాజిటరీలను మావెన్ తానే అడ్డుకుంటోంది. లోపలి నెట్‌వర్క్‌లోని సర్వర్ హెచ్‌టీటీపీతో నడుస్తూ, దాని చిరునామా నేరుగా పామ్‌లోనే రాసి ఉంటే, ఈ అడ్డు దానికీ వర్తిస్తుంది.

మావెన్‌లాంటి మరో బిల్డ్ సాధనమైన గ్రేడిల్ విషయానికి వస్తే దానికీ ఆఫ్‌లైన్ ఆప్షన్ ఉంది, దాని ర్యాపర్ కూడా మొదట గ్రేడిల్‌నే డౌన్‌లోడ్ చేస్తుంది, ప్లగిన్‌లు సెంట్రల్ నుంచి కాక సాధారణంగా గ్రేడిల్ ప్లగిన్ పోర్టల్ నుంచి వస్తాయి, టూల్‌చెయిన్ ఏర్పాటు ఉన్న ప్రాజెక్టు అయితే జేడీకేను కూడా తానే తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తుంది. దాని క్యాష్ అమరిక మాత్రం మావెన్ రిపాజిటరీలా ఉండదు. ప్రతి ఫైలూ దాని ఎస్‌హెచ్‌ఏ1 విలువ (ఫైలులోని విషయం నుంచి లెక్కించే గుర్తు) పేరుతో ఉన్న ఫోల్డర్‌లో ఉంటుంది కాబట్టి దానిని ఇతరులకు రిపాజిటరీగా చూపించలేము. గ్రేడిల్ 6.1 నుంచి ఆ క్యాష్‌ను మరో చోటికి తరలించే వీలు, 6.2 నుంచి దానిని చదవడానికి మాత్రమే అనుమతించే క్యాష్‌గా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ద్వారా చూపించే వీలు వచ్చాయి. బిల్డ్ సర్వర్లకు అది ఉపయోగకరమే. అయినా మూసిన నెట్‌వర్క్‌కు నా సలహా, లోపల మావెన్ అమరికతోనే ఒక రిపాజిటరీ పెట్టి, ఇనిట్ స్క్రిప్టు ద్వారా గ్రేడిల్ ప్రాజెక్టులన్నిటినీ దాని వైపు మళ్లించమనే.

కొన్ని అవసరాలు బిల్డ్ ఫైలులో కనిపించవు. వాటిలో మొదటివి ఆపరేటింగ్ సిస్టమ్‌ను బట్టి మారే జార్‌లు. జావాఎఫ్ఎక్స్ గ్రాఫిక్స్ జార్ విండోస్‌కు ఒకటి, లైనక్స్‌కు ఒకటి, మ్యాక్‌కు ఒకటి. విండోస్ ల్యాప్‌టాప్‌లో సామగ్రి సిద్ధం చేసి లైనక్స్ సర్వర్‌లో బిల్డ్ చేస్తే సరిగ్గా ఆ ఒక్క జార్ దగ్గరే పని ఆగుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌ను బట్టి, జేడీకే వెర్షన్‌ను బట్టి మేల్కొనే మావెన్ ప్రొఫైళ్లదీ ఇదే సంగతి. అందుకే బయటి కంప్యూటర్‌లోనూ లోపల ఉండే ఆపరేటింగ్ సిస్టమ్, అదే జేడీకే ఉండాలని నేను పట్టుబడతాను. టెస్టుల విషయంలో టెస్ట్‌కంటెయినర్స్ డాకర్ ఇమేజ్‌లను, సెలీనియం టెస్టులు బ్రౌజర్ డ్రైవర్‌ను, ఎంబెడెడ్ మాంగో లైబ్రరీ మాంగోడీబీ బైనరీని నెట్ నుంచి తెచ్చుకుంటాయి. ఇవేవీ మావెన్ రిపాజిటరీలోకి రావు. ఫ్రంటెండ్ మావెన్ ప్లగిన్ ఉన్న ప్రాజెక్టు అయితే నోడ్, దాని వెనుక ఎన్‌పీఎం ప్యాకేజీలు మొత్తం మరో ప్రపంచం, దానికి విడిగా ఇంత పని ఉంటుంది.

బిల్డ్ విజయవంతంగా పూర్తయ్యాక కూడా, ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు నెట్ అవసరం బయటపడే సందర్భం ఒకటి చెప్పాలి. ఎక్స్ఎంఎల్ కాన్ఫిగరేషన్ వాడే పాత స్ప్రింగ్ ప్రాజెక్టులలో ఫైలు పైభాగాన స్కీమాల (ఫైలులో ఏమేమి రాయవచ్చో చెప్పే నియమాల ఫైళ్లు) చిరునామాలు ఉంటాయి. అవి స్ప్రింగ్ వెబ్‌సైట్ చిరునామాల్లా కనిపించినా స్ప్రింగ్ అక్కడికి వెళ్లదు. స్కీమాలు ఉన్న ప్రతి స్ప్రింగ్ జార్‌లోనూ మెటా ఇన్ఫ్ ఫోల్డర్‌లో స్ప్రింగ్ డాట్ స్కీమాస్ అనే ఫైలు ఉంటుంది, ఏ చిరునామాకు జార్ లోపలి ఏ ఫైలును వాడాలో అందులో రాసి ఉంటుంది. మనం షేడ్ ప్లగిన్‌తో అన్ని జార్‌లనూ కలిపి ఒకే పెద్ద జార్ కట్టినప్పుడు, ఒకే పేరున్న ఈ ఫైళ్లన్నీ ఒకే చోటికి చేరుతాయి. వాటిని ఒకదాని వెనుక ఒకటి అతికించమని ప్లగిన్‌కు చెప్పకపోతే ఒక్కటి మాత్రమే మిగులుతుంది. మిగిలిన స్కీమాలకు లోపలి దారి తెలియక పార్సర్ నిజంగానే ఇంటర్నెట్ వైపు వెళ్తుంది. నెట్ ఉన్న డెవలపర్ కంప్యూటర్‌లో ఆ స్కీమా చడీచప్పుడు లేకుండా డౌన్‌లోడ్ అయిపోతుంది, ఎవరికీ అనుమానం రాదు. మూసిన నెట్‌వర్క్‌లోకి వెళ్లాక మాత్రం అదే జార్ మొదలు కావడానికే నిరాకరిస్తుంది. ఈ కారణంగా, నెట్‌వర్క్ లేని కంటెయినర్‌లో బిల్డ్ చేయడంతో ఆగకుండా, తయారైన జార్‌ను అదే కంటెయినర్‌లో ఒకసారి నడిపి చూడడం కూడా పరీక్షలో భాగం కావాలి.

ఇదంతా మూసిన నెట్‌వర్కుల వారి తలనొప్పి మాత్రమే అనుకునేవారికి డెబియన్ అనే లైనక్స్ పంపిణీని చూపిస్తాను. డెబియన్ ప్రధాన ఆర్కైవ్‌లోని ప్యాకేజీలు బిల్డ్ అయ్యేటప్పుడు నెట్‌వర్క్‌ను తాకకూడదని ఆ ప్రాజెక్టు పాలసీలోనే ఉంది. అంటే అక్కడి జావా ప్యాకేజీలు కూడా ఆఫ్‌లైన్ బిల్డ్‌లే. ఇతర డెబియన్ ప్యాకేజీల ద్వారా వచ్చిన జార్‌లు, పామ్‌లు యూజర్ షేర్ కింద ఉన్న మావెన్ రెపో అనే ఫోల్డర్‌లో చేరుతాయి, మావెన్ డెబియన్ హెల్పర్ అనే సాధనం మావెన్‌ను ఆఫ్‌లైన్‌గా నడిపి ఆ ఫోల్డర్ నుంచే అన్నీ తీసుకునేలా చేస్తుంది. ఒక్కో లైబ్రరీకి పదేసి వెర్షన్లు ఉంచడం కుదరదు కాబట్టి, ప్రాజెక్టు అడిగిన వెర్షన్‌కు బదులు డెబియన్‌లో ఉన్న వెర్షన్‌ను వాడేలా పామ్‌లను నియమాల ప్రకారం తిరగరాస్తారు. అంతేకాదు, అక్కడి జార్‌లన్నీ సోర్స్ నుంచే కట్టాలి. ఈ నియమం ఎంత కఠినమైనదో గ్రేడిల్‌ను చూస్తే తెలుస్తుంది. గ్రేడిల్ 5 నుంచి దానిని కట్టడానికి కోట్లిన్ భాష కంపైలర్ కావాలి, కోట్లిన్‌ను సోర్స్ నుంచి కట్టడానికి పాత కోట్లిన్ కావాలి. ఆ చిక్కుముడి వల్ల డెబియన్‌లో గ్రేడిల్ ఏళ్ల తరబడి 4.4.1 దగ్గరే ఉండిపోయింది. ఆ స్వచ్ఛంద కార్యకర్తల ఓపికకు నాకు అపారమైన గౌరవం ఉంది. మన ప్రాజెక్టులో మూడో వంతు జాగ్రత్త తీసుకున్నా ఎన్నో కష్టాలు తప్పుతాయి.

నెట్ ఎప్పుడూ అందుబాటులో ఉన్నవారికి కూడా ఈ లెక్క అవసరమే. ఆండ్రాయిడ్ ప్రాజెక్టులు చాలా ఏళ్లు ఆధారపడిన జేసెంటర్ అనే రిపాజిటరీని మూసివేస్తున్నట్టు జేఫ్రాగ్ సంస్థ 2021 ఫిబ్రవరిలో ప్రకటించింది. కొంతకాలం చదవడానికి మాత్రమే తెరిచి ఉంచి, 2024 ఆగస్టు నుంచి అక్కడికి వచ్చే అభ్యర్థనలను మావెన్ సెంట్రల్‌కు మళ్లించారు. సెంట్రల్‌లో లేని, జేసెంటర్‌లో మాత్రమే ఉన్న లైబ్రరీలను వాడిన పాత ప్రాజెక్టులు, సోర్స్ అంతా భద్రంగా ఉన్నా, బిల్డ్ కాని స్థితికి చేరాయి. తమ వాడకానికి అవసరమైన రిపాజిటరీని విడిగా దాచుకున్నవారికి ఆ రోజు మామూలు రోజే.

బయటి ప్రపంచంతో సంబంధం లేదు కాబట్టి లోపలి జార్‌లను ఎప్పటికీ మార్చనవసరం లేదనే ఆలోచన మాత్రం ప్రమాదకరం. 2021 డిసెంబరులో లాగ్4జే అనే లాగింగ్ లైబ్రరీలో భద్రతా లోపం బయటపడినప్పుడు 2.15.0, 2.16.0, 2.17.0, 2.17.1 అని ఒకే నెలలో సవరణల మీద సవరణలు వచ్చాయి. నెట్ ఉన్నవారు పామ్‌లో ఒక అంకె మార్చి ముందుకు సాగారు. మూసిన నెట్‌వర్కుల్లో ప్రతి సవరణా ఒక అనుమతి పత్రం, ఒక వైరస్ స్కాన్, ఒక ప్రయాణం. లెక్క ముందే రాసుకున్నచోట ఏ ప్రాజెక్టులో లాగ్4జే కోర్ ఉందో అదే రోజు చెప్పగలిగారు. లెక్క లేనిచోట ముందు వెతుకులాటకే రోజులు పట్టింది.

లోపలికి వెళ్లేవాటిని సరిచూడడం కూడా ముఖ్యం. సెంట్రల్‌లో ఫైళ్లకు సాధారణంగా చెక్‌సమ్ (ఫైలు మారలేదని సరిచూసే విలువ), డిజిటల్ సంతకం ఉంటాయి, కానీ మావెన్ 3 చెక్‌సమ్ కుదరకపోతే డిఫాల్ట్‌గా హెచ్చరించి ఊరుకుంటుంది. సామగ్రి సిద్ధం చేసే బిల్డ్‌ను పెద్ద సీ ఆప్షన్‌తో నడిపితే కుదరని ఫైలు దగ్గరే ఆగిపోతుంది. గ్రేడిల్‌లో అయితే 6.2 నుంచి వెరిఫికేషన్ మెటాడేటా ఫైలు ద్వారా ప్రతి డిపెండెన్సీ చెక్‌సమ్‌నూ ప్రాజెక్టుతోపాటే గిట్‌లో ఉంచుకోవచ్చు. ఒక్కసారి లోపలికి వెళ్లిన తప్పుడు జార్‌ను బయటకు లాగడం ఎంత కష్టమో తెలిసినవారు ఈ జాగ్రత్తను బరువుగా భావించరు.

లోపల పనిచేసేవారు కొత్త లైబ్రరీ కావాలని అడిగినప్పుడు, ఆ జార్‌ను ఒంటరిగా డౌన్‌లోడ్ చేసి పంపే అలవాటును మేము పూర్తిగా మానుకున్నాం. వారు గ్రూప్ ఐడీ, ఆర్టిఫాక్ట్ ఐడీ, వెర్షన్ మాత్రమే కాగితం మీద రాసి పంపుతారు. బయట మేము దానిని ప్రాజెక్టు పామ్‌లో చేర్చి, మళ్లీ ఖాళీ రిపాజిటరీతో టెస్టులతో సహా మొత్తం బిల్డ్ చేసి, నెట్‌వర్క్ లేని కంటెయినర్‌లో రెండోసారి బిల్డ్ చేసి నడిపి చూసి, క్రితంసారి పంపిన ఫోల్డర్‌తో పోల్చి, కొత్తగా చేరిన ఫైళ్లను మాత్రమే ఒక మూటగా కడతాం. ఆ మూటలో ఏయే ఫైళ్లు ఉన్నాయో, ఒక్కోదాని ఎస్‌హెచ్‌ఏ256 విలువ ఏమిటో, ఏ జేడీకే, ఏ మావెన్‌తో సిద్ధమైందో రాసిన టెక్స్ట్ ఫైలు కూడా ఉంటుంది. లోపలివారు ముందు ఆ విలువలను సరిచూసి, ఆ తరువాతే ఫైళ్లను తమ నెక్సస్‌లోకి ఎక్కిస్తారు.